నర్సింలు తుపాకి మీద చింతపండు మరక

1967లో నేను అబిడ్స్‌లో ఒక తుపాకుల దుకాణంలో పాలిష్ మేస్త్రీని. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా నాన్న బందరు నుంచి సంసారాన్నంతా హైదరాబాదుకు తెచ్చాడు. వడ్రంగం మా ఇంటి పని. తలుపులు, మంచాలు చేసుకునేవాడివి తుపాకుల దగ్గరికెలా చేరావని ఇప్పటికీ అడుగుతుంటారు. తుపాకిలో ఇనుము సగమే, మిగతా సగం కట్టె. భుజానికి ఆనించేదీ, చేత్తో పట్టుకునేదీ ఆ కట్టె భాగమే. దాన్ని ఇంగ్లీషులో స్టాక్ అంటారు. మా దుకాణంలో అందరూ కుందా అనేవారు. ఇనుము పనికి వేరే మేస్త్రీలు ఉండేవారు, వాళ్ల జోలికి నేను పోయేవాణ్ణి కాదు. ఇంతకాలం ఆ కొలువు చేసి కూడా ఒక్కసారీ తుపాకి పేల్చి ఎరగను.

మంచి కుందా అక్రోటు కట్టెతో చేస్తారు. దాని మీద లక్క పాలిష్ పొరలు పొరలుగా ఎక్కించాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్ది, అద్దంలా తేలేదాకా ఓపిక పట్టాలి. అంత కష్టపడి చేసినదాన్ని పట్టుకెళ్లి దసరా నాడు ఆయుధపూజ అని పసుపూ కుంకుమా పూసి, కొబ్బరినీళ్లు చల్లి, మర్నాడు మళ్లీ నా ముందే పడేసేవారు. కుంకుమ రంగు పాలిష్‌లోకి దిగిందంటే ఒక పట్టాన వదలదు. దసరా వెళ్లిన వారం నేను మనిషిని కాను. వచ్చినవాడినల్లా పట్టుకుని దులిపేసేవాణ్ణి. బొట్టు పెట్టాలనుకుంటే ఇనుము మీద పెట్టండి, తుడిస్తే పోతుంది, కట్టె మీద ఎందుకు పెడతారు అని చెవినిల్లు కట్టుకుని పోరేవాణ్ణి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మా యజమాని పెద్దమనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన కూడా ఆ వారం నా బల్ల వైపు రాకుండా తప్పుకునేవాడు.

ఆ తిట్లు నవ్వుతూ తిన్నవాడు ఒక్క నర్సింలే. అబిడ్స్‌లోనే ఒక బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. సొంత లైసెన్సు, సొంత తుపాకి ఉన్నాయి కాబట్టే ఆ కొలువు దొరికింది. పాత సింగిల్ బ్యారెల్ తుపాకి, మా దుకాణంలోనే కొన్నాడు. ఊళ్లో భూమి లేక పట్నం వచ్చిన మనిషి, నాంపల్లి స్టేషను వెనక ఒక గది కిరాయికి తీసుకుని భార్యతో ఉండేవాడు. పిల్లలు లేరు. తుపాకిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఏటా దసరాకు ముందు తెచ్చి నూనె పట్టించుకుని వెళ్లేవాడు, దసరా కాగానే కుందా మీద ఎర్రటి బొట్టుతో మళ్లీ వచ్చేవాడు. నేను నోరు తెరిచేలోపే జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకునేవాడు. ఇక తిట్టేదెలా? ఒక ఏడు మాత్రం గట్టిగానే అడిగాను, ఇనుము మీద పెట్టుకుంటే నీ సొమ్మేం పోయిందని.

"ఇనుము కాలుస్తది మేస్త్రీ. కట్టె మన చెయ్యి పట్టుకుంటది. పట్టుకున్నదానికే బొట్టు" అన్నాడు.

గొణుక్కుంటూనే బొట్టు తీసి పాలిష్ పెట్టిచ్చాను.

1967 దసరాకు ముందు మాత్రం నర్సింలు రాలేదు. దసరా వెళ్లిన కొద్ది రోజులకు ఒక ఆడమనిషి దుకాణం మెట్ల దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికి రావడమా మానడమా అని తటపటాయించి, చివరికి నా బల్ల దగ్గరికి వచ్చింది. నర్సింలు భార్యనని చెప్పింది. పేరు బాలమణి. కొంగు చాటు నుంచి ఒక పాత గుడ్డ ముక్క తీసి నా ముందు పరిచింది. గుడ్డంతా సిరా ఒలికినట్టు నల్లగా ఉంది.

"ఇదేందో జూడన్నా. తుపాకి కట్టె గిట్లయింది" అంది.

గుడ్డ వాసన చూశాను. చింతపండు. అడిగితే సంగతంతా చెప్పింది. పండగకు ముందే నర్సింలుకు కడుపులో నొప్పి ముదిరి, మూసీ ఒడ్డున ఉన్న పెద్ద దవాఖానలో చేర్చారు. పెళ్లయినప్పటి నుంచి ఏ దసరా తప్పకుండా ఆయన ఆయుధపూజ చేశాడు. ఈ ఏడు తప్పిపోతే అదేం కీడు తెస్తుందోనని ఈమె భయపడింది. పెట్టెలోంచి తుపాకి తనే తీసింది. ఇనుము మసకగా, జిడ్డుగా కనిపించింది. దేవుడి దీపాలు, ఇత్తడి బిందెలు తోమినట్టే ఇనుముకీ కట్టెకీ కలిపి చింతపండు పట్టించి, కాసేపు నానబెట్టి, పీచుతో తోమింది. ఇనుము తళతళలాడింది. సంతోషపడేలోపే కట్టె మీద నల్లటి చారలు కారాయి. తోమినకొద్దీ నలుపెక్కింది. ఇక గబగబా పూజ అయిందనిపించి పెట్టెలో పెట్టి మూసేసింది.

ఇది దేనివల్ల అయిందో చెబుతాను. అక్రోటు కట్టెలో వగరు ఉంటుంది. పులుపు తగిలితే ఇనుము కొద్దిగా కరుగుతుంది. ఆ కరిగిన ఇనుము ఈ వగరుతో కలిసిందంటే నల్లబడుతుంది. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా చేసేవారు, అదే లెక్క. చెయ్యి పట్టే చోట నర్సింలు కుందాకు పాలిష్ ఎప్పుడో అరిగిపోయింది. ఆ రసం నేరుగా కట్టెలోకి దిగి అక్కడే సిరా తయారైంది. పైపైన రుద్దితే పోయే మరక కాదు.

"ఆయన ఇంటికొచ్చేవరకు పోవాలె అన్నా. పెట్టిపోయినట్టే ఉండాలె" అంది. తెలిస్తే కోప్పడతాడా అని అడిగాను. "ఏమనడు. గదే నాకు భయం" అంది.

పని చేయడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, తుపాకి దుకాణానికి చేరేదెలా? లైసెన్సు ఉన్నవాడు తప్ప ఇంకొకరు దాన్ని పట్టుకుని వీధిలో నడిస్తే నేరం. నర్సింలు సంతకం పెట్టి దుకాణానికి అప్పగిస్తేనే మా మనిషి వెళ్లి తెస్తాడని యజమాని తేల్చిచెప్పాడు. సంతకం అనేసరికి ఆమె ముఖంలో రక్తం లేదు. ఆయనకు తెలియకూడదనే గదా ఇంతదూరం వచ్చింది. సంతకం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఇంటికి వెళ్లమ్మా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బహుశా ఆ జమ్మి ఆకుల రుణం.

మర్నాడు అఫ్జల్‌గంజ్ బస్సెక్కి దవాఖానకు వెళ్లాను. వార్డు చివర మంచం మీద నర్సింలును మొదట గుర్తుపట్టలేదు. మనిషి సగమయ్యాడు, కళ్లు మాత్రం అవే. లైసెన్సుదారు ఇంట్లో లేనప్పుడు తుపాకి దుకాణంలో ఉంచడం మంచిదని యజమాని అన్నాడని, దారిలో వల్లెవేసుకున్న అబద్ధం అప్పజెప్పాను. అతను నవ్వాడు.

"బాలమణి వచ్చిందా నీ కాడికి?"

నేను జేబులోని కాగితం కోసం వెతుక్కున్నాను.

"దసరా తెల్లారి వచ్చింది ఈడికి. వేళ్లన్నీ నల్లగున్నయి, గోర్ల సందులల్ల గూడ. తుపాకికి చింతపండు పెట్టింది. ఇంట్ల గిన్నెకైనా గంటెకైనా ఆమెకు గదే మందు" అన్నాడు. నేను అడక్కుండానే, "నాకు తెలిసినట్టు ఆమెకు చెప్పకు" అని కూడా అన్నాడు.

తర్వాత అతను చెప్పింది వినడానికే కష్టమైంది. కడుపులో గడ్డ ఉందట. కోసి లాభం లేదని డాక్టరు అతనికే చెప్పాడు. భార్యకు చెప్పొద్దని అతను డాక్టరును బతిమాలుకున్నాడు. ఆమె ఇంకా ఇంటికి తీసుకుపోయే రోజు కోసం ఎదురుచూస్తోంది.

"మరక మంచిగ తియ్యి మేస్త్రీ. మరక ఉంటే ఎవడు కొంటడు? నేను పోయినంక గా తుపాకి అమ్మిపెట్టు. ఆమె తమ్ముని ఊర్ల ఒక బర్రెను కొనుక్కుంటే ఎట్లనో బతుకుతది. ఇంకేం ఇచ్చిపోతున్న నేను ఆమెకు?"

కాగితం మీద సంతకం పెట్టడానికి కలం పట్టుకునే బలం కూడా లేదు. నేను అట్ట పట్టుకుంటే మెల్లగా పెట్టాడు. మెట్లు దిగి బయటికి వచ్చాక మూసీ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆమెకు మరక పోవాలి, ఆయన తిరిగొస్తాడని. ఆయనకూ మరక పోవాలి, తను తిరిగి రాడని. ఇద్దరూ ఒక్క పనే చెప్పారు. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

తుపాకి దుకాణానికి వచ్చింది. ఇనుము భాగాలన్నీ ఊడదీసి కుందాను వేరు చేశాను. మందు ఇనుముకు తగిలితే మళ్లీ అదే గొడవ. ముందు స్పిరిట్‌తో పాత పాలిష్ తీశాను. ఏళ్ల తరబడి ఇంకిన నూనెను లాగడానికి సుద్దపొడి స్పిరిట్‌లో కలిపి పట్టించాను. అది ఆరి రాలినప్పుడల్లా గోధుమరంగుకు తిరిగేది. ఆ తర్వాత అసలు మందు, ఆక్సాలిక్ యాసిడ్. చూడటానికి పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది గానీ విషం. వేడినీళ్లలో కరిగించి కుంచెతో పూస్తే ఇనుము మరకను కరిగించి పైకి తెస్తుంది. పూసి, ఆరనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టి, మళ్లీ పూయాలి. తొందరపడితే కట్టె తెల్లబారిపోతుంది, పొడిబారి పగుళ్లిస్తుంది. నలుపు బూడిదరంగు అయింది. బూడిదరంగు మెల్లగా తేలికైంది. పిడి దగ్గర, ట్రిగ్గర్ గార్డు మర దిగే చోట మాత్రం మొండికేసింది. మర కన్నంలో పులుపు నిలిచి లోతుకు దిగినట్టుంది.

బాలమణి దవాఖాన నుంచి నాంపల్లికి నడిచి వెళుతూ దారిలో దుకాణానికి వచ్చేది. బల్ల పక్కన నిలబడి కుందా వైపు చూసేది, ముట్టేది కాదు. మరక తగ్గిన రోజున ఆమె ముఖం విప్పారేది. పోనుపోను రెంటినీ ముడిపెట్టడం మొదలుపెట్టింది. మరక ఇంత తగ్గింది, ఆయన ఈరోజు జావ తాగిండు అనేది. మరక మొత్తం పోయిన రోజున ఇంటికి పంపిస్తారని తనకు తానే నిశ్చయం చేసుకుంది. నేను తల వంచుకుని రుద్దుతూ ఉండేవాణ్ణి. ఆమె మాటకు ఊ కొట్టడం ఒక అబద్ధం, కొట్టకపోవడం ఇంకో అబద్ధం. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం సయించేది కాదు. మా ఆవిడ అడిగితే యాసిడ్ వాసన అనేవాణ్ణి.

ఒకరోజు ఆమె చిన్నగా నవ్వుతూ అంది. "దసరా తెల్లారి ఆయన నా చెయ్యి పట్టుకుని వదలలే అన్నా. వార్డుల అందరి ముందట. పెండ్లయిన కాడికెల్లి గట్ల ఎన్నడు పట్టుకోలే. నాకు సిగ్గయింది."

నేను గుడ్డ తీసుకుని, అక్కర్లేని చోట తుడిచాను.

నిజం చెప్పాలంటే పని త్వరగా ముగించడానికి నా చేతులు ఒప్పుకోలేదు. కానీ దవాఖాన నుంచి వార్త మంచిగా రావడం లేదు, మరకేమో మర కన్నం దగ్గర నీడలాగా మిగిలింది. ఇంకా గట్టి మందు వేస్తే కట్టె చెడుతుంది. అంతటితో ఆపి, లిన్సీడ్ అనే అవిసె నూనె అరచేత్తో పట్టించి, లక్క పాలిష్ ఎక్కించాను. ఆ నీడ నాకు కనపడేది. వేరేవాళ్లకు చూపిస్తే తప్ప కనపడదు.

నర్సింలుకు ఒకసారి చూపించాలనిపించింది, కానీ తుపాకి దవాఖానకు తీసుకెళ్లకూడదు. కుందా ఒక్కటైతే ఉత్త కట్టె ముక్క, దానికి లైసెన్సు ఏమిటి? యజమానిని అడిగితే ఆయన తల ఊపి, తన సొంత శాలువా ఇచ్చి చుట్టుకుపొమ్మన్నాడు. వార్డులో బాలమణి మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నన్ను, శాలువా మూటను చూసి లేచి నిలబడింది. ఆయన మరక కనిపెడతాడేమోనని నా కళ్లలోకి చూసింది. నేను మూట విప్పి కుందాను నర్సింలు పొట్ట మీద కాకుండా పక్కన ఆనించి పెట్టాను.

అతను కళ్లతో చూడలేదు. అరచేత్తో చూశాడు. భుజానికి ఆనే చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా పిడి దాకా తెచ్చాడు. మర కన్నం దగ్గర బొటనవేలు ఆగింది. మందుకు కాస్త గరుకెక్కిన ఆ చోట నీడ అతనికి దొరికింది. అతను ఆ వేలు తీయలేదు, దాన్ని అలాగే కప్పి ఉంచి భార్య వైపు చూశాడు.

"పెట్టిపోయినట్టే ఉంది" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. అంత సంతోషం నేను ఆ వార్డులో చూస్తాననుకోలేదు. ఆ సంతోషాన్ని చూసి ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు. నీళ్లు తెస్తానని బయటికి వచ్చేశాను.

ఆ వారం దాటకుండానే నర్సింలు పోయాడు. బ్యాంకు గేటు దగ్గర పండ్లబండి అతను వచ్చి చెప్పాడు. శవాన్ని ఊరికి తీసుకెళ్లారట. నేను కుందాను మళ్లీ ఇనుముకు బిగించి, యజమాని చేతికి ఇచ్చి, ఆ మధ్యాహ్నం ఏ పనీ చేయలేదు.

కర్మకాండలయ్యాక, కాగితాల పని యజమాని చూసుకున్నాక, పరిగి వైపు రైతు ఒకడు బేరానికి వచ్చాడు. పల్లీ చేలో అడవిపందుల బెడద, లైసెన్సు ఉంది. తుపాకి అతనికి నచ్చింది. ఇచ్చే రోజున బాలమణికి కబురు పంపాం. తమ్ముడితో కలిసి వచ్చింది. తమ్ముడు యజమాని దగ్గర కూర్చున్నాడు, ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. నుదురు బోసిగా ఉంది. తుపాకిని చాలాసేపు చూసింది.

"నేను చేసింది ఆయనకు తెల్వనే తెల్వదు గదన్నా" అంది.

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. నర్సింలు కోరిందీ అదే. కానీ ఆమె దాన్ని ఒక తప్పులా జీవితాంతం మోసుకుపోతుందని ఆ క్షణాన నాకనిపించింది. పోయినవాడికి ఇచ్చిన మాట కంటే బతికినామె బరువే నాకు పెద్దదిగా తోచింది.

"తెలుసమ్మా. దసరా మర్నాడే తెలుసు. నీ వేళ్లు చూశాడు" అన్నాను.

ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. నలుపు ఎప్పుడో పోయింది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అలాగే నిలబడింది.

"గందుకా పట్టుకున్నడు" అంది.

కాసేపటికి కొంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది. కుంకుమ. ఇంట్లోంచి ఏదైనా పంపేటప్పుడు, దూడైనా బండైనా, బొట్టు పెట్టి పంపడం వాళ్ల రివాజు. "భరిణెల మిగిలింది. నాకింక పనిలేదు. నేను పెట్టొద్దు గద, నువ్వు పెట్టన్నా" అంది. నువ్వే పెట్టమ్మా, ఇక్కడ నిన్నెవరు కాదంటారు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఈ ఆచారాల మీద నాకు మంట పుట్టింది గానీ, ఆమెతో వాదించే సమయం కాదది.

నీళ్లతో కుంకుమ తడిపాను. చెయ్యి అలవాటు కొద్దీ గొట్టం వైపు వెళ్లింది.

"ఇనుము మీద గాదన్నా. కట్టె మీద. ఆయన గాడనే పెడ్తుండె."

ఆమె పిడి దగ్గర రెండు చేతులతో పట్టుకుంది. నా చేత్తో తేల్చిన పాలిష్ మీద, మర కన్నం పక్కన, ఆ నీడ మీదే బొట్టు పెట్టాను. గట్టిగా అదిమి పెట్టాను. అది కట్టెలోకి దిగాలని నా అంతట నేను కోరుకున్న బొట్టు నా కొలువులో అదొక్కటే.

రైతు తుపాకి చేతికి తీసుకుని, ఈ ఎర్రది ఏందని, తుడిచి ఇయ్యమని అడిగాడు. అది పోదు, అలాగే ఉండనీ, నీకు మేలే అన్నాను. మా యజమాని నా వైపు ఒకసారి చూసి, మళ్లీ తన కాగితాలు చూసుకున్నాడు. బాలమణి తమ్ముడి వెంట మెట్లు దిగి నాంపల్లి వైపు వెళ్లిపోయింది. మళ్లీ నేనామెను చూడలేదు.

ఆ తర్వాత కూడా చాలా దసరాలు ఆ బల్ల దగ్గరే గడిచాయి. పసుపూ కుంకుమల తుపాకులు వస్తూనే ఉన్నాయి. మరక తీయడం నాకు తెలుసు, ఇప్పటికీ ఎవరడిగినా మందు పేరు, పాళ్లు చెబుతాను. నర్సింలు పోయాక నేర్చుకున్నది ఇంకొకటుంది. కుందా బల్ల మీదికి రాగానే తిట్లకు దిగడం మానేశాను. ఈ బొట్టు ఎవరు పెట్టారు, ఆ మనిషి బాగున్నారా అని ముందు అడిగేవాణ్ణి. జవాబు విన్నాకే గుడ్డ చేతికి తీసుకునేవాణ్ణి. కొన్నిసార్లు తీసుకునేవాణ్ణి కాదు.